సువార్త బృందములో సహవాస జీవితము

(డయోసిస్ శతవార్షికోత్సవముల సందర్భముగా సూళ్ళూరుపేటలో జరిగిన పరిచారకుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సువార్త బృందములో సహవాసమును గూర్చి మాట్లాడవలెనని నిర్వాహకులు అడిగినప్పుడు మేము కొంత వెనుకాడినాము. శ్రీహరికోట దీవికి ఎదురుగా, ప్రళయ కావేరి ఒడ్డున ఉన్న గ్రామములలో పని చేస్తున్న మా చిన్న బృందము ఈ విషయములో ఒకరికి పాఠము చెప్పగల స్థితిలో లేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా బృందము చీలిపోవుటకు సిద్ధమైనది. చీలిక అంచు దాకా పోయి తిరిగి వచ్చినవారి మాటలలో కూడ కొంత ఉపయోగము ఉండవచ్చునని పెద్దలు అన్నందున ఒప్పుకొన్నాము. వినబోయే దానిలో మా గొప్పలు తక్కువ, మా తప్పులు ఎక్కువ. ఓర్చుకొనవలెనని మనవి.

మా ప్రాంతము మీలో చాలామందికి తెలిసినదే. రాకెట్టు పైకి పోయే రోజున సూళ్ళూరుపేట నుండి దీవి వైపు పోయే ఆ పద్దెనిమిది కిలోమీటర్ల దారి మీద నిలబడి మీరు ఆకాశము చూచి ఉంటారు. దారికి ఇరుప్రక్కల వానలకాలము తరువాత నీళ్ళు, చలికాలములో ఫ్లెమింగో పక్షులు, వేసవిలో ఎండి తెల్లబడిన ఉప్పు నేల. దారి మీద నుండి కనబడని ఊళ్ళు కూడ అక్కడ ఉన్నవి. కొన్నిటికి పడవ మీదనే పోవలెను. చేపలు పట్టుకొని బ్రతికే పట్టపువారు, యానాదులు, కూలి చేసికొనే మన సంఘముల వారు ఆ ఊళ్ళలో ఉన్నారు. మా పరిచర్య వారి మధ్యనే.

మా బృందము ఆరు ఇండ్లది. ఇద్దరము వేదాంత కళాశాలలో చదివి పట్టము పుచ్చుకొన్నవారము. రాకెట్టు కేంద్రములో టెక్నీషియనుగా చేసి ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఒకరు. విధవరాలైన బైబిలు స్త్రీ ఒకరు. ఒక ఉపదేశి. ఆరవ ఇల్లు ఒక యానాది సహోదరునిది. ఆయన పెద్దలు దీవిలోని వారు. సరస్సులో ఏ నెలలో ఎక్కడ ఎంత లోతు ఉండునో, ఏ గాలికి పడవ ఎటు కొట్టుకొనిపోవునో ఆయనకు తెలిసినట్లు మాలో ఎవరికీ తెలియదు. ఆయన పడవ లేకపోతే మా పరిచర్యలో సగము లేదు.

ఎనిమిది సంవత్సరములు ప్రతి బుధవారము ఆయన మమ్మును పడవ మీద తీసికొనిపోయాడు. మేము దిగి బోధ చేసేవారము. ఆయన పడవ దగ్గర ఉండేవాడు. తిరిగి వచ్చిన తరువాత ఎవరో ఒకరి ఇంట భోజనము. మేము లోపల కూర్చునేవారము. ఆయన వసారాలో కూర్చునేవాడు. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడ ఎవరూ అనలేదు. వయస్సులో మా అందరికంటె, ఆ టెక్నీషియను గారు తప్ప, ఆయనే పెద్ద. అయినా మేము ఆయనను పేరు పెట్టి పిలిచేవారము, "నువ్వు" అనేవారము. మా మాటలలో ఆయన "వాడు." ఇప్పుడు మీ ఎదుట "ఆయన" అని పలుకుట నేర్చుకొనుటకు మాకు ఎనిమిదేండ్లు పట్టినది.

జరిగిన సంగతి చిన్నది. పట్టణములోని ఒక సంఘము వారు మా పడవకు ఇంజను కొనుటకు చందా పంపించారు. పట్టము పుచ్చుకొన్న మేమిద్దరము, టెక్నీషియను గారు కూర్చొని ఆలోచించాము. దారి ఉన్న ఊళ్ళే ఎక్కువ కాబట్టి పాత మోటారు సైకిలు ఒకటి కొంటే మేలని తోచినది. చందా ఇచ్చిన వారికి ఉత్తరము వ్రాసి ఒప్పించాము కూడ. లెక్క ప్రకారము చూస్తే అది తప్పు నిర్ణయము కాదని ఇప్పటికీ అనుకొంటాము. కాని పడవ నడిపే మనిషికి ఆ మాట టీ దుకాణము దగ్గర తెలిసినది.

తరువాతి బుధవారము ఒడ్డున పడవ లేదు. జ్వరమేమో అనుకొన్నాము. రెండవ బుధవారము కూడ లేదు. వలలకు పోయి ఉంటాడని అనుకొన్నాము. (మనవాళ్ళు రానప్పుడు కారణములు మనమే కల్పించుకొని సరిపెట్టుకొంటాము, పోయి అడుగుట కంటె అది సులభము.) మూడవ వారము ముగ్గురము ఆయన ఇంటికి పోయాము. ఆయన భార్య గుమ్మము దగ్గర కూర్చొని వల బాగుచేస్తున్నది. "కోపము వచ్చినదా?" అని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "కోపమేముంది సామీ. మీ పార్థనలో నా పేరు ఉంటాది, లెక్కలో ఉండదు. అంతే గదా."

దానికి మాలో ఎవరూ బదులు చెప్పలేకపోయాము. ప్రార్థన చేసి వద్దామని ఒకరు అన్నారు. ప్రార్థన అన్న మాటకే ఆయన భార్య మా వైపు చూచిన చూపుకు ఆ పని కూడ మానుకొని వచ్చినాము.

ప్రియులారా, వేదాంత కళాశాలలో మాకు గ్రీకు క్రియారూపములు నేర్పించారు. సంఘ చరిత్ర నేర్పించారు. ప్రసంగమునకు మూడు భాగములు ఎట్లు చేయవలెనో నేర్పించారు. ఆరు కుటుంబములు ఒకే పనిలో ఉన్నప్పుడు డబ్బును గూర్చి, అన్నమును గూర్చి, పిలుపును గూర్చి ఎట్లు సమాధానపడవలెనో ఎవరూ నేర్పలేదు. కనీసము మాకు గుర్తు లేదు. ఆ వారము ఇంటికి వచ్చి, కళాశాలలో మార్కుల కొరకు చదివిన పుటలనే మళ్ళీ తీసి చదివినాము.

మొదట అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము. యెరూషలేము సంఘములో పుట్టిన మొదటి సణుగుడు సిద్ధాంతమును గూర్చినది కాదు, వడ్డనను గూర్చినది. గ్రీకు భాష మాట్లాడే వారి విధవరాండ్రకు దినదిన పరిచర్యలో సరిగా అందలేదు. అపొస్తలులు ఆ సణుగుడును పాపము అని గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. పేర్లను బట్టి చూస్తే, సణిగిన పక్షము వారి చేతికే వడ్డన అప్పగించినట్లు తోచుచున్నది. మేమైతే ఏమి చేసి ఉంటాము? ఆ విధవరాండ్రకు ఓర్పును గూర్చి ఒక వాక్యము చెప్పి పంపి ఉంటాము.

తరువాత గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము. అంతియొకయలో కేఫా అన్యజనులతో ఒకే బంతిని తింటూ వచ్చాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే ప్రక్కకు తప్పుకొన్నాడు. ఆయన బోధ మార్చలేదు, బంతి మార్చాడు. దానికే పౌలు అందరి ఎదుట నిలదీశాడు. ఈ భాగము మీద మేమే ఎన్నిసార్లు ప్రసంగించామో! వసారాలో విస్తరి ముందు కూర్చున్న మనిషి మాకు ఒక్కసారి కూడ కనబడలేదు.

సంఘ చరిత్రలో ఈ విషయమును శ్రద్ధగా పట్టించుకొన్న వారిలో సేరంపూరు వారిని ముందు చెప్పవలెను. విలియం కేరీ 1800 జనవరిలో సేరంపూరుకు వచ్చి మార్ష్‌మన్, వార్డు కుటుంబములతో కలిసి ఒకే ఇంటివారుగా జీవించుటకు పూనుకొన్నాడు. మన తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయినది వారి ముద్రణాలయములోనే. కేరీ కళాశాల జీతము, మార్ష్‌మన్ దంపతుల పాఠశాల రాబడి, వార్డు నడిపిన అచ్చుకూటపు రాబడి అన్నీ ఉమ్మడి నిధికి పోయేవి. భోజనము ఉమ్మడి. ఇంటి పెత్తనము ఒకరిదే కాదు, నెలకు ఒకరిది చొప్పున మారేది. ముఖ్యమైనది వారి శనివారపు సాయంకాలము. ఆ సాయంకాలము కూర్చొని, ఒకరి మీద ఒకరికి ఉన్న మనస్తాపములను ముఖాముఖిగా చెప్పుకొని, ఒకరినొకరు ప్రేమించుటకు మళ్ళీ మాట ఇచ్చుకొనేవారు. 1805 అక్టోబరులో ఒక ఒడంబడిక కూడ వ్రాసికొన్నారు. దానిని సంవత్సరమునకు మూడు మారులు ప్రతి స్థలములోను చదువవలెనని నియమించుకొన్నారు. ఒకసారి ఒప్పుకొంటే చాలదనీ, మరచిపోతామనీ వారికి తెలుసు.

అయితే కథ అంతటితో ఆగలేదు. తరువాత వచ్చిన యువ మిషనరీలకు ఆ పెద్దలతో పొసగలేదు. 1817 తరువాత కలకత్తాలో వేరు కుంపటి పెట్టుకొన్నారు. వార్డు 1823లో చనిపోయాడు. 1827లో సేరంపూరు వారికి, ఇంగ్లాండులోని వారి సొసైటీకి తెగిపోయినది. ఆస్తులు ఎవరివి, అధికారము ఎవరిది అన్నదే తగవు. మొదటి ముగ్గురి మధ్య ఉన్న ప్రేమలో లోపము లేదు. ఆ ప్రేమ ఆ ముగ్గురితోనే నిలిచిపోయినదేమో, తరువాత వచ్చినవారికి అందులో చోటు లేదేమో అని మాకు తోచుచున్నది. పాతవారు తమలో తాము ఎంత దగ్గరగా ఉంటే క్రొత్తవానికి తలుపు అంత ఇరుకు అవుతుంది. మా ముగ్గురి సంగతి కూడ అదే. మోటారు సైకిలును గూర్చి మాట్లాడుకొన్నది ఒకరినొకరు బాగా ఎరిగిన ముగ్గురము.

ఇక మన ఈ ప్రాంతపు సంగతి. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి ప్రాంతములలో పని చేసినవారు జర్మనీ దేశపు హెర్మాన్స్‌బుర్గ్ లూథరన్ మిషను వారు. తమిళ దేశములో అంతకుముందు లైప్‌జిగ్ మిషను క్రింద పని చేసిన ఆగస్టు మీలియుస్ అనే ఆయన 1860ల మధ్యకాలములో ఈ తెలుగు పని ప్రారంభించాడు. తిరుపతి కేంద్రముగా గల దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము ఆ విత్తనము నుండి మొలిచినదే. ఈ మిషనును స్థాపించిన లూడ్విగ్ హార్మ్స్ ఒక పల్లెటూరి పాదిరి. 1849లో మిషనరీలను తయారుచేసే ఇల్లు పెట్టాడు. 1853లో ఆయన సంఘము వారు కందాకే రాణి పేరు పెట్టి ఒక ఓడనే కట్టించి ఆఫ్రికాకు పంపించారు. అందులో బోధకులు మాత్రమే కాదు, రైతులు, చేతిపనివారు కూడ ఉన్నారు. తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టనివ్వకపోతే నాటాలుకు పోయి 1854లో అక్కడ స్థిరపడ్డారు. అపొస్తలుల కార్యములలో వలె సమస్తమును సమష్టిగా ఉంచుకొని బ్రతుకవలెనని వారి నియమము.

ఆ నియమము ఇరవై సంవత్సరములు కూడ నిలువలేదు. కుటుంబములు పెరిగినవి, పిల్లలు పుట్టినారు, సణుగుడు పుట్టినది. చివరకు ఉమ్మడి సొత్తు విధానమును విడిచిపెట్టవలసి వచ్చినది. మిషను మాత్రము నిలిచినది.

ఇది చదివి కూడ మేము అదే పొరపాటు చేసినాము. ఆ యానాది సహోదరుని ఇంటి నుండి వచ్చిన తరువాత మాకు కలిగిన సిగ్గుతో, ఇకమీదట అంతా ఉమ్మడి అన్నాము. ఉమ్మడి వంట పెట్టినాము. నాలుగు నెలలు నడిచినది. మగవారము ఒకే బంతిని కూర్చొని ఆది సంఘమును గూర్చి చక్కగా మాట్లాడుకొనేవారము. వెనుక వంటయింటిలో ఇద్దరు స్త్రీలు ఇరవై ఆరుగురికి సంగటి గెలికేవారు. నూనె ఎవరు ఎక్కువ పోస్తున్నారు, చేపల పులుసులో చింతపండు ఎవరి ఇంటిది, ఎవరి పిల్లవాడు రెండవసారి వడ్డించుకొన్నాడు అనే మాటలు మొదలైనవి. బైబిలు స్త్రీ ఒకనాడు గరిటె క్రింద పెట్టి, "అయ్యగారూ, మీ సహవాసము మా నడుముల మీద నడుస్తున్నది" అని చెప్పినది. ఆ రాత్రితో ఉమ్మడి వంట ముగిసినది. ఎవరి పొయ్యి వారిది. నెలకు ఒక్కసారి మాత్రము అందరము కలిసి తింటాము, ఆనాడు వంట మగవారిది. రుచి సంగతి అడుగవద్దు.

మరి ఉమ్మడి నిధి, ఉమ్మడి వంట సహవాసమును తేలేకపోతే ఏది తెస్తుంది? ఇక్కడ తిరుపత్తూరు సంగతి చెప్పవలెను. మన తిరుపతి కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటిన తరువాత తమిళనాడులో ఉన్న తిరుపత్తూరు. అక్కడ 1921లో ఇద్దరు వైద్యులు క్రీస్తుకుల ఆశ్రమము స్థాపించారు. ఒకరు తమిళుడైన డాక్టర్ సవరిరాయన్ జేసుదాసన్. మరొకరు స్కాట్లాండులో ధనిక కుటుంబమున పుట్టిన డాక్టర్ ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్. ఇద్దరూ ఒకే చదువు చదివినవారు, ఒకే మిషనులో పని చేయ వచ్చినవారు. అయితే ఆ రోజుల మిషనులలో తెల్లవానికి ఒక లెక్క, దేశీయునికి ఒక లెక్క. ఆ తేడాతో కలిసి పని చేయలేమని వారు బయటికి వచ్చి, ఒకే ఇంటిలో ఒకే విధముగా బ్రతుకుటకు నిశ్చయించుకొన్నారు. ఖాదీ కట్టారు, నేల మీద కూర్చొని తిన్నారు, చుట్టుప్రక్కల పల్లెల వారికి వైద్యము చేశారు. ఆశ్రమములో వారి పేర్లు ఏమిటో తెలుసునా? జేసుదాసన్ గారు "పెరియణ్ణన్", పేటన్ గారు "చిన్నణ్ణన్." అనగా పెద్దన్న, చిన్నన్న. డబ్బు తెచ్చిన తెల్లవాడు చిన్నన్న!

ఆ పిలుపు దగ్గర మేము చాలా రోజులు ఆగిపోయాము. మన తెలుగువారికి వరుస పెట్టి పిలుచుట వచ్చినంత బాగుగా మరొకటి రాదు. బస్సులో ప్రక్కన కూర్చున్నవానికి కూడ దిగేలోపల అన్న అనో, బాబాయి అనో వరుస కలుపుతాము. అటువంటి మేము మా పడవ మనిషికి ఎనిమిదేండ్లు వరుస కలుపలేదు. మాటకు మాత్రము ప్రార్థనలో "మా సహోదరుడు" అనేవారము. పడవ దిగిన తరువాత ఆ సహోదరునికి పేరే మిగిలేది.

ఈ మాట అనుచున్నప్పుడు దోర్నకల్లు అజరయ్య గారు గుర్తుకు రాక తప్పదు. ఆయన తమిళుడై ఉండి తెలుగు నేర్చుకొని, 1909 నుండి మన తెలుగువారి మధ్య పని చేసి, 1912 డిసెంబరులో బిషప్పుగా అభిషేకము పొందాడు. దానికి రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో నిలబడి, మిషనరీలు ఎంతో త్యాగము చేశారు, దానికి కృతజ్ఞులము, అయితే మాకు కావలసినది స్నేహితులు అని అర్థము వచ్చునట్లు చెప్పాడు. దేశీయ పరిచారకులతో కలిసి భోజనము చేయని, ఇంటికి పిలువని దూరమును గూర్చి కూడ చెప్పాడు. సభలో కొందరికి అది కష్టము కలిగించినది. మనము ఆ ప్రసంగమును వంద సంవత్సరములుగా తెల్లవారికి చెప్పిన మాటగానే చదువుకొంటూ వచ్చినాము. తెల్లవారు వెళ్ళిపోయి చాలా కాలమైనది. ఇప్పుడు ఆ బంగళాలలో ఉన్నది ఎవరు? ఉపదేశిని వసారాలో నిలబెట్టి మాట్లాడేది ఎవరు? మాల పేట నుండి వచ్చిన పరిచారకుడు, మాదిగ పేట నుండి వచ్చిన పరిచారకుడు ఒకే బృందములో ఉండి ఒకరి ఇంట ఒకరు నీళ్ళు త్రాగకుండ సంవత్సరములు గడిపిన సంగతులు మనలో ఎవరికి తెలియవు? ఇది ఈ సంచికలో అచ్చు వేయవలసిన మాటేనా అని ఒకరు అడిగారు. వంద సంవత్సరములు నిండిన ఇంటిలో అనకపోతే ఎక్కడ అందుమని మేము అడిగాము.

ఇప్పుడు మేము ఏమి చేస్తున్నామో కొంచెము చెబుతాము. సేరంపూరు వారి శనివారమును అప్పు తెచ్చుకొన్నాము. సాయంకాలము ఆరు గంటలకు ఆరు ఇండ్ల పెద్దవారు, భార్యలతో సహా, కూర్చుంటారు. లెక్కల పుస్తకము బల్ల మీద ఉంటుంది. మొదట దానిని తెరచి ఉంచితే చాలునని అనుకొన్నాము. చదువు రాని మనిషికి తెరచిన పుస్తకము కూడ మూసినట్లే అని రెండు వారములకు తెలిసినది. అందుచేత బైబిలు స్త్రీ ప్రతి పద్దును బిగ్గరగా చదువుతుంది. చదువుతూ ఉండగా ఎవరైనను ఆపి అడుగవచ్చును. మా యానాది అన్న ఆరు వారములు ఏమీ అడుగలేదు. ఏడవ వారము, "పెట్రోలుకు అంత ఎందుకైంది?" అని అడిగాడు. మోటారు సైకిలు నడిపేది మేమే. చెమట పట్టినది. సొంత పనికి రెండుసార్లు వాడిన సంగతి అందరి ముందు చెప్పి ఆ డబ్బు కట్టినాము.

మరొక నియమము. ఆ కూడికలో ఫిర్యాదులు ముగిసేదాక ప్రార్థన లేదు. ఇది విని కొందరు నొచ్చుకొన్నారు. కాని ప్రార్థనలో ఒకరినొకరు పొడుచుకొనుట మనకు బాగుగా వచ్చిన విద్య. "ప్రభువా, నీ దాసులలో లెక్కలు సరిగా చూపని వారి హృదయములను తాకుము" అని కన్నులు మూసికొని ఎదుటివానిని కొడతాము. అతడు "ఆమెన్" అనక తప్పదు. అందుచేత మొదట కన్నులు తెరచుకొని ముఖము చూచి చెప్పవలెను. తరువాత ప్రార్థన.

పెద్దగా ఉన్నవాడు నిందను తన మీద వేసికొనవలెనన్నది మేము నేర్చుకొన్నది బైబిలులో నుండి మాత్రమే కాదు. మా టెక్నీషియను గారు శ్రీహరికోట సంగతి ఒకటి తరచు చెబుతారు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగము విఫలమై రాకెట్టు సముద్రములో పడిపోయినది. ఆ పథకమునకు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. అయితే విలేకరుల ముందుకు పోయి బాధ్యత తన మీద వేసికొన్నది సంస్థ అధ్యక్షుడైన సతీష్ ధవన్ గారు. మరుసటి సంవత్సరము 1980 జూలై 18న ప్రయోగము జయప్రదమైనది. ఆనాడు ధవన్ గారు తాను వెనుక ఉండి, విలేకరులతో నీవే మాట్లాడుము అని కలాం గారిని ముందుకు పంపాడు. ఈ సంగతిని కలాం గారే అనేక సభలలో చెప్పుకొన్నాడు. మన బృందములలో తరచు దీనికి విరుద్ధము జరుగుతుంది. బాప్తిస్మములు జరిగితే నివేదికలో పాదిరి పేరు. ఊరివారు తరిమితే ఉపదేశికి అనుభవము చాలలేదు.

ఇదంతా విని మా బృందములో ఇప్పుడు సమాధానమే ఉన్నదని అనుకొనవద్దు. ఈ పద్ధతి మొదలుపెట్టిన సంవత్సరములోనే, మాతో కలిసి కళాశాలలో చదివిన మిత్రుని కుటుంబము వెళ్ళిపోయినది. బంధువులు పంపిన సొమ్మును కూడ పుస్తకములో వ్రాయించి అందరి ముందు చదివించుట ఆయన భార్యకు అవమానముగా తోచినది. ఆ అమ్మ అన్నదానిలో న్యాయము ఉన్నది. తప్పు దిద్దుకొనే ఆవేశములో మేము హద్దు దాటినాము. ఆ నియమమును తరువాత మార్చుకొన్నాము, అయితే అప్పటికే ఆలస్యమైనది. సూళ్ళూరుపేట స్టేషనులో వారిని రైలు ఎక్కించిన రోజున, మార్కును గూర్చి వేరైపోయిన పౌలు బర్నబాలు మాకు కథలోని మనుష్యులుగా కనబడలేదు. పౌలు చివరి పత్రికలో మార్కును వెంటబెట్టుకొని రమ్మని వ్రాశాడు గదా అని ఒకరినొకరు ఓదార్చుకొన్నాము. ప్రతి క్రిస్మసుకు ఆ మిత్రుని దగ్గర నుండి ఫోను వస్తుంది. రమ్మని అడుగుతాము. ఇంకా రాలేదు.

యానాది అన్న తిరిగి వచ్చాడు. ఒక్కసారిగా రాలేదు. మొదట పడవ వచ్చినది, తరువాత ఆయన లోపలికి వచ్చాడు, చాలా రోజులకు ఆయన భార్య వచ్చినది. ఇప్పుడు మేము ఆయనను అన్నా అని పిలుస్తాము. ఆయన మాత్రము బయటివారి ఎదుట మమ్మును అయ్యగారు అనే అంటాడు. ఎందుకని అడిగితే, "మీకు అలవాటైంది గదా సామీ" అని నవ్వుతాడు. ఆ నవ్వు ఎటువంటిదో మేము ఇంకా తేల్చుకోలేకున్నాము.

గత శనివారము పద్దులు చదువుట అయిన తరువాత ఆయన ఒక మాట అడిగాడు. పాదిరి గారి పిల్లలకు, ఉపదేశి పిల్లలకు బడి ఫీజు నిధి నుండి పోతున్నదే, తన మనవడు ఈ సంవత్సరము ఆరవ తరగతికి వచ్చినాడు, వాని ఫీజు ఎక్కడ నుండి అని. డయోసిస్ నియమముల ప్రకారము ఫీజు సహాయము జీతము మీద ఉన్న పరిచారకుల పిల్లలకే. పడవ మనిషి జీతము మీద లేడు, కూలి మీద ఉన్నాడు. ఆ మాట ఆయనకు చెప్పుటకు మాలో ఎవరికీ నోరు రాలేదు. వచ్చే వారము చెబుతామన్నాము. డయోసిస్ కార్యాలయమునకు ఉత్తరము వ్రాసినాము, ఇంకా జవాబు రాలేదు. ఆ జవాబు ఇవ్వవలసిన పెద్దలు ఈ కూడికలోనే ఉన్నారు. రేపే శనివారము. సాయంకాలము ఆరు గంటలకు బైబిలు స్త్రీ పుస్తకము తెరుస్తుంది, అన్న వచ్చి కూర్చుంటాడు.